చేవ — కర్రకు ఒక చదువు, ఆ చదువుకు ఒక చరిత్ర



మన భాషలో 'చేవ' అనే మాట ఉంది. చెట్టు ముదిరినకొద్దీ మొద్దు నడుమ ముదురురంగులో గట్టిపడే భాగానికి ఆ పేరు. చుట్టూ తెల్లగా ఉండే లేతకర్రను చెద తింటుంది, చేవను అంత సులువుగా ముట్టదు. 'చేవ ఉన్న మనిషి', 'చేవ చచ్చినవాడు' అని ఈ మాటను మనుషులకూ వాడుకున్నాము. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పే పనిలో ఈ మాటను ఎన్నోసార్లు వివరించాను గాని, అందులో ఒక శాస్త్రం ఇమిడి ఉన్నదని చాలాకాలం గుర్తించలేదు.

గుర్తింపజేసినవాడు నా పూర్వ విద్యార్థి ఒకడు. వడ్రంగి ఇంటి బిడ్డ. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో బీఎస్సీ పూర్తిచేశాడు. ఒకనాడు ఇంటికి వచ్చి, "మాస్టారూ, డెహ్రాడూన్‌లో కలప మీద ఎమ్మెస్సీ ఉందటండి. నాన్నతో చెబితే 'మనం పుట్టినప్పటినుంచీ చేసే పనే కదరా, దానికి అంతదూరం పోయి పరీక్ష రాయాలా?' అని నవ్వాడు. మీరేమంటారు?" అని అడిగాడు. ఆనాడు నాకు జవాబు తోచలేదు. తెలుగు పండితుడికి కలపతో పని ఏముంది? కాని ప్రశ్న వదలలేదు. తెలుసుకున్నంత మేరకు ఈ టపాలో పెడుతున్నాను.

మొదట తండ్రిగారి మాటకు న్యాయం చేద్దాము. కలప గుణాలను తరచి చూడటం మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అడవి సరుకుల మీద 'కుప్యాధ్యక్షుడు' అనే అధికారి ఉన్నాడు. ఆ ప్రకరణంలో 'సారదారు వర్గం' అని ఒక పట్టీ ఉంది. శాకము, అంటే మన టేకు. అర్జునము, అంటే మద్ది. మధూకము, అంటే ఇప్ప. సాలము, శింశుప, ఖదిరము మొదలైనవి అందులో చేరాయి. 'సారదారువు' అంటే చేవ గల కర్ర. వరాహమిహిరుడు బృహత్సంహితలో విగ్రహాలకు కర్ర తెచ్చుకోవటానికి వనప్రవేశ విధినీ, మంచాలకూ పీటలకూ ఏ కర్ర తగునో చెప్పే అధ్యాయాన్నీ వ్రాశాడు. కొండపల్లి బొమ్మకు తేలికైన తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు నున్నగా తిరిగే అంకుడు, బండిచక్రానికి దెబ్బ ఓర్చే తుమ్మ అని మన పనివారు ఏర్పరచుకున్న నియమాలు ఏ పుస్తకమూ చూసి నేర్చినవి కావు. చేతికీ, ఉలికీ, ముక్కుకూ తెలిసిన విద్య అది.

మరి ఆ విద్య విశ్వవిద్యాలయానికి ఎందుకు ఎక్కింది? ఎక్కించినది పాండిత్యాభిలాష కాదు, రైలుబండి.

1853లో ఈ దేశంలో ప్రయాణికుల రైలు మొదలైంది. ఇనుప పట్టాల కింద పరచటానికి దుంగలు కావాలి. మైలు దారికి 1,760 నుండి 2,000 దాకా దుంగలు పట్టేవి. 1850వ దశకంలో ఒక్క మద్రాసు రాజధానిలోనే ఈ పనికి ఏటా 35,000 చెట్లు కూలుతూ ఉండేవని చరిత్రకారులు లెక్క చెబుతారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు ఆ రాజధానిలోనివే. అడవి తరిగిపోతుందన్న దిగులు ప్రభుత్వానికి పట్టుకున్నది. అది చెట్టు మీద దయతో కాదు, రేపటి దుంగకు లోటు వస్తుందన్న భయంతో. 1856 నుండి బర్మాలోని పెగూ టేకు అడవులను చూస్తున్న జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిచ్ బ్రాండిస్‌ను పిలిచి, 1864లో దేశానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్‌గా నియమించారు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల వెలసింది. 1906లో అక్కడే ఇంపీరియల్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఎర్ర ఇటుకలతో కట్టిన దాని మహాభవనం 1929లో ప్రారంభమైంది.

ఈ చరిత్రకు రెండో ముఖం కూడా ఉంది. దానిని దాచటం ధర్మం కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మన్యంలో పోడుకూ, వంటచెరకుకూ, వెదురుకూ ఆంక్షలు బిగిసాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం ప్రజల కడుపుమంటలో ఈ అటవీ ఆంక్షలకు పెద్ద వాటా ఉన్నది. కలపశాస్త్రానికి ప్రయోగశాల కట్టించిన ఏలుబడే అడవిబిడ్డల చేతిలోని గొడ్డలిని నేరంగా మార్చింది. ఈ చదువు పుట్టుకలో ఆ మచ్చ ఉన్నదని చదవబోయేవారికి తెలియాలి.

ఆ కాలపు అధికారులలో భాషాభిమానులు కృతజ్ఞత చెప్పవలసిన వ్యక్తి జె. ఎస్. గాంబుల్. ఆయన కూర్చిన భారతీయ కలపల గ్రంథం 1881లో మొదటిసారి, పెంచి దిద్దిన రూపంలో 1902లో వెలువడింది. ఒక్కొక్క చెట్టు కర్ర రంగు, పొర, బరువు, వాడుక చెబుతూ దేశభాషల పేర్లను కూడా పొందుపరిచాడు. వాటిలో తెలుగు పేర్లు ఉన్నాయి. మన నిఘంటుకారులు 'ఒకానొక వృక్షవిశేషము' అని వదిలేసిన మాటలకు, ఆ చెట్టు ఏదో తేల్చుకోవటానికి ఇటువంటి పుస్తకమే ఆధారమవుతుంది. పండితులకు ఇది కొంత సిగ్గుపడవలసిన సంగతే.

డెహ్రాడూన్ సంస్థలో కలప పని ఆర్. ఎస్. పియర్సన్ చేతిలో రూపు దిద్దుకున్నది. ఆయన తరువాత ఇంగ్లండులోని ప్రిన్సెస్ రిస్‌బరో కలప ప్రయోగశాలకు సంచాలకుడయ్యాడు. అమెరికాలో సిరక్యూస్ అటవీ కళాశాల ఆచార్యుడు హెచ్. పి. బ్రౌన్‌తో కలిసి ఆయన వ్రాసిన 'కమర్షియల్ టింబర్స్ ఆఫ్ ఇండియా' 1932లో రెండు సంపుటాలుగా వచ్చింది. కర్రను అడ్డంగా పలుచగా కోసి భూతద్దం కింద పెడితే నీరు పారిన నాళాలు, అడ్డుగా సాగే కిరణరేఖలు, నారల అల్లిక కనబడతాయి. జాతికో అల్లిక. మనిషికి వేలిముద్ర ఎట్లాగో కర్రకు అది అట్లాగ.

ఆ ముద్ర చదవటంలో ఆరితేరిన భారతీయుడు కె. ఎ. చౌధురి. హరప్పాలో 1946 తవ్వకాలలో బయటపడిన ఒక శవపేటిక మట్టిలో కలిసిపోగా మిగిలిన కర్ర అవశేషాలను పరిశీలించి, అందులో జిట్రేగి జాతి కలప, దేవదారు ఉన్నాయని తేల్చారు. దేవదారు హిమాలయ వృక్షం. అది సింధుమైదానంలోని సమాధిలో దొరికిందంటే నాలుగువేల ఏండ్లకు పైబడిన కాలంలోనే కొండ నుండి మైదానానికి కలప దిగిందన్నమాట. లిపి మౌనం వహించిన చోట కర్ర సాక్ష్యం చెప్పింది.

ఇక నేను ఈ టపా వ్రాయటానికి అసలు కారణమైన పేరు: శొంఠి కామేశం. ఇంటిపేరు వినగానే మనవారని మీకు తెలిసిపోతుంది. నాకు మాత్రం అరవై దాటాక గాని ఈ పేరు చెవిన పడలేదు.

ఆయన ఘనత తెలియాలంటే చిక్కు ఏమిటో ముందు తెలియాలి. చేవ గల చెట్లు తక్కువ, మెల్లగా పెరిగేవి. వేగంగా పెరిగే మెత్తకర్ర చెదకూ, బూజుకూ, తొలుచుపురుగుకూ ఆహారం. మందు పట్టించాలి. 1838లో ఇంగ్లండులో జాన్ బెథెల్ ఒక పద్ధతి కనిపెట్టాడు: కర్రను ఇనుప తొట్టిలో పెట్టి, గాలి లాగివేసి, క్రియోసోట్ అనే తారునూనెను ఒత్తిడితో లోపలికి ఎక్కించటం. అది రైలు దుంగకు సరే. నల్లగా, జిడ్డుగా, ఘాటుగా ఉండే ఆ కర్రతో ఇల్లు కట్టలేము. నీటిలో కరిగే లవణాలు పట్టిస్తే శుభ్రంగానే ఉంటుంది గాని, నాలుగు వానలు పడగానే కరిగి బయటకు పోతాయి. కర్రలోకి నీటితో వెళ్ళి, మళ్ళీ నీటికి లొంగని మందు ఏది?

1933లో డెహ్రాడూన్‌లో కామేశం దానికి జవాబు కనుగొన్నారు. తుత్తు, ఆర్సెనిక్, వీటికి తోడు క్రోమియం లవణం. తుత్తులోని రాగి బూజును చంపుతుంది. ఆర్సెనిక్ చెదనూ పురుగునూ, రాగికి లొంగని కొన్ని బూజులనూ అడ్డుకుంటుంది. క్రోమియం చేసే పని వేరు: కర్రలోని పదార్థంతో చర్య జరిపి, ఆ రెండింటినీ కణాల గోడలకు కరగని రూపంలో అతికించివేస్తుంది. నిలిచి ఉండటమే దాని కానుక. ఆర్సెనిక్, రాగి మూలకాల రసాయన సంకేతాలు కలిపి దీనికి 'ఆస్క్యూ' అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు లభించింది. అక్కడ తంతి, టెలిఫోను స్తంభాలకు వాడటం మొదలై, పోను పోను సీసీఏ అనే పేరుతో ప్రపంచమంతటా అత్యధికంగా వాడిన కలప రక్షకాలలో ఒకటయింది. పచ్చని ఛాయ గల స్తంభాలు, వంతెన చట్రాలు, ఇళ్ళ వసారాలు ఖండాంతరాలలో లేచాయి.

ఇందులో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి. ఈ మందు చేవలోకి సరిగా ఇంకదు. దాని నాళాలు మూసుకుపోయి ఉంటాయి. లేతకర్రలోకే బాగా ఎక్కుతుంది. అంటే చేవ లేని కర్రకు చేవ పోశాడన్నమాట మన కామేశం! తెలుగువాడు గనుక ఆ మాట ఆయన మనసులో ఒక్కసారైనా మెదిలి ఉంటుందని ఊహించుకోవటం నాకు ఇష్టం.

కథ ఇక్కడితో ముగిస్తే స్తోత్రం అవుతుంది, చరిత్ర కాదు. ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆడుకునే చెక్క కట్టడాల నుండి కొంత విషం చేతికీ మట్టికీ చేరుతున్నదన్న ఆందోళనతో, అమెరికాలో నివాసగృహాల అవసరాలకు సీసీఏ పట్టించటాన్ని 2003 చివరికి పరిశ్రమే విరమించుకున్నది. ఐరోపాలో 2004 నుండి ఆంక్షలు వచ్చాయి. స్తంభాలు, సముద్రపు గుంజల వంటి పనులకు వాడుక కొన్నిచోట్ల సాగుతున్నది. ఇందువల్ల కామేశం గొప్పదనం తగ్గుతుందా? నేను అనుకోను. పట్టించిన కర్ర ఎక్కువకాలం మన్నిందంటే అన్ని చెట్లు అడవిలో నిలిచాయి. కాని పాత పరిష్కారం నుండే కొత్త ప్రశ్న పుడుతుంది. విషం లేకుండా చెదను ఆపటం ఎట్లా అన్నది ఈనాటి కలపశాస్త్ర విద్యార్థి ముందున్న ప్రశ్న. కామేశం మిగిల్చిన ఆ పనిని మరో తెలుగు పిల్లవాడు అందుకోకూడదని ఎక్కడ ఉన్నది?

ఇప్పుడు చదువు సంగతి. 1986లో భారతీయ అటవీ పరిశోధన, విద్యా మండలి ఏర్పడింది. 1991లో డెహ్రాడూన్ సంస్థకు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. అక్కడ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో రెండేళ్ళ ఎమ్మెస్సీ ఉంది. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల నేపథ్యం గల సైన్సు పట్టభద్రులకూ, ఫారెస్ట్రీ చదివినవారికీ ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లు ఇస్తారు. బెంగుళూరులో 1938లో మైసూరు సంస్థానపు అటవీ ప్రయోగశాలగా మొదలై, 1988లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీగా మారిన సంస్థ ఉన్నది. చందనం మీద దాని పరిశోధన ప్రసిద్ధం. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో 2016లో మొదలైన అటవీ కళాశాలలో నాలుగేళ్ళ బీఎస్సీ ఫారెస్ట్రీ చెబుతున్నారు. కలప చదువుకు మన ఊళ్ళ నుండి అది దగ్గరి గుమ్మం.

ఏమి నేర్పుతారు? ఒక్క ఉదాహరణ చెబుతాను. వానాకాలంలో తలుపు బిగుసుకుంటుంది, ఎండాకాలంలో సందు ఇస్తుంది. ఎందుకు? కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది: కణాల బోలులో, కణాల గోడలో. బోలులోని నీరు ఆరిపోయినా కర్ర కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగి, గోడలోని నీరు ఆరటం మొదలయినప్పుడే కర్ర కుంచించుకుపోతుంది. ఈ హద్దును 1906లో అమెరికాలో టీమన్ అనే ఆయన గుర్తించాడు. కుంచించుకోవటం కూడా అన్ని వైపులా ఒకటి కాదు. వలయాల వెంబడి కుదింపు, నడిబొడ్డు నుండి బయటికి ఉండే కుదింపుకు దాదాపు రెట్టింపు. నిలువునా దాదాపు లేనట్టే. పలక వంకరపోవటానికీ, దూలం నెర్రెలిచ్చుటకూ ఇదే కారణం. 'కోసిన కర్రను ఏడాది నీడన ఆరనిచ్చి పనికి తియ్యి' అని వడ్రంగి తాత చెప్పిన మాటకు ఇది భాష్యం. సూత్రం ఆయనది, వ్యాఖ్యానం వీరిది.

చదివాక దారులు ఏవి? ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు కర్మాగారాలలో జిగురు, ఒత్తిడి, తేమ, నాణ్యత చూసే ఉద్యోగాలు మొదటివి. తరువాత గృహోపకరణాల తయారీ, కాగితపు పరిశ్రమ, కలప ఆరబెట్టే, మందు పట్టించే కేంద్రాలు. ఎగుమతి పెట్టెల రంగం ఒకటి ఉన్నది. పురుగు దేశాలు దాటకుండా ప్యాకింగు కర్రను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలని 2002లో అంతర్జాతీయ నియమం వచ్చింది. దానిని అమలు పరచటానికి తెలిసినవారు కావాలి. పరిశోధన, బోధన, అటవీ సర్వీసు పరీక్షలు సరేసరి. పాత దేవాలయాల రథాలు, మండువా ఇళ్ళ స్తంభాలు కాపాడే పనికీ ఈ విద్య అవసరమే.

మనకు అతి సమీపమైన దారి మరొకటి ఉంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం శేషాచలం, దాని పరిసర కొండలలో పెరుగుతుంది. 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్నది. అయినా దొంగరవాణా ఆగలేదు. పట్టుబడిన దుంగ ఎర్రచందనమా, దాని బంధువైన వేగిసయా అని న్యాయస్థానంలో ఎవరు చెప్పాలి? ఎర్రచందనపు చేవ నీటిలో మునుగుతుంది. వేగిస చెక్క నానిన నీరు వెలుగులో నీలిఛాయ నిస్తుంది. మధుమేహానికని వేగిస గ్లాసులో నీరు తాగేవారు దీనిని చూసే ఉంటారు. ఇంటిలో ఈ గుర్తులు చాలు. కేసు నిలవాలంటే భూతద్దం కింది సాక్ష్యం కావాలి. ఆ సాక్షి కలపశాస్త్రం చదివినవాడే.

ఈ వృత్తి ఎప్పుడూ పూలబాట కాదన్నది కూడా చెప్పాలి. పట్టాల కింద కర్ర పోయి కాంక్రీటు వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలు అడవి మీద ఆధారపడకుండా ముడిసరుకు రైతుల నుండి తెచ్చుకోవాలన్నది. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన కట్టడాలలో కలపను నిషేధించింది. 1996 డిసెంబరులో గోదావర్మన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆదేశాలతో అనేక రంపపు మిల్లులు మూతపడ్డాయి. అడవికి అది మేలు, కలప ఉద్యోగికి గడ్డుకాలం. మరి ఇప్పుడో? కర్ర అడవి నుండి కాక పొలం నుండి వస్తున్నది. సర్వి, సుబాబుల్, నీలగిరి తోటలు మన జిల్లాలలో ఎన్ని ఉన్నాయో చూస్తూనే ఉన్నాము. భద్రాచలం ప్రాంతపు కాగితపు పరిశ్రమ 1989 నుండి మేలురకపు నీలగిరి క్లోన్ల మీద పని చేసి రైతులకు మొక్కలు అందించింది. 2020లో ప్రజాపనుల శాఖ తన 1993 నాటి నిషేధాన్ని ఎత్తివేసింది. సిమెంటు, ఇనుము తయారీలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది; కర్ర దానిని తనలో దాచుకుని ఉంటుంది. చెట్టును నాటి, కోసి, మళ్ళీ నాటగలిగితే కర్ర అక్షయమైన సరుకు.

ఇన్నీ వ్రాశాక నా పూర్వ విద్యార్థికి నా జవాబు ఇది.

నాయనా, మీ నాన్నగారు నవ్వినందుకు చిన్నబోకు. ఆయన నవ్వులో సగం సత్యం. ఆయనకు తెలిసినదానిలో చాలాభాగం ఆ పాఠ్యపుస్తకాలలో ఉండదు. పట్టా పుచ్చుకున్నవారిలో చిత్రిక పట్టి ఎరుగనివారు ఉండవచ్చు. ఆయనకు పట్టా ఇచ్చేవారు లేరు. చేతికి తెలిసినది నోటికి రాక, నోటికి వచ్చినది కాగితానికి ఎక్కక, మన దేశంలో ఎన్ని విద్యలు చితిమంటలలో కలిసిపోయాయో! ఆ రెండింటి నడుమ వంతెన కట్టగలిగినవాడు రెండు ఒడ్డులూ ఎరిగినవాడై ఉండాలి. నీవు ఉలి శబ్దం వింటూ పెరిగి, రసాయనశాస్త్రం చదివినవాడివి. అటువంటివారు ఎందరుంటారు?

వెళ్ళటం, వెళ్ళకపోవటం నీ ఇష్టం. వెళితే మాత్రం, బయలుదేరేముందు ఒక నోటుపుస్తకం కొని మీ నాన్నగారి పక్కన పదిరోజులు కూర్చో. ఏ కర్రకు ఆయన ఏ పేరు పెడతారో, ముట్టుకుని ఏమి చూస్తారో, వాసన పట్టి ఏమి చెబుతారో ఆయన మాటల్లోనే తెలుగులో వ్రాసుకో. అదే నీ మొదటి సెమిస్టరు.

మిత్రులారా, మీ ఊళ్ళలో వడ్రంగులు కర్రలకూ, వాటి గుణదోషాలకూ వాడే మాటలు తెలిస్తే వ్యాఖ్యలలో వ్రాయండి. శొంఠి కామేశంగారి గురించి కుటుంబ జ్ఞాపకాలు విన్నవారెవరైనా ఉంటే మరీ సంతోషం. పేరు నిలవటానికి కూడా కొంత మందు పట్టించాలి కదా.

సెలవు.